ఇంటిలో పాత ఫైల్ సర్వరు

కార్యాలయములు మార్చివేసిన సర్వరు యంత్రములు నేడు పాత సామానుల అంగళ్లలో చౌకగా లభించుచున్నవి. లినక్సు, సాంబా అను ఉచిత సాఫ్టువేరులను ఎక్కించినచో ఇంటిలోని కంప్యూటర్లన్నియు ఫైళ్లను అందులో దాచుకొనవచ్చును. 19 అంగుళముల చట్రములో బిగించు ఈ పెట్టెల ఎత్తును 'యు' అను ప్రమాణముతో కొలుతురు. 1 యు అనగా 1.75 అంగుళములు. అంత పలుచని పెట్టెలో పెద్ద పంకా పట్టదు. 40 మిల్లీమీటర్ల చిన్న పంకాలు అతివేగముగా తిరుగవలెను. పడకగదిలో పెట్టినచో నిద్ర దుర్లభము!

అసలు విశేషము డిస్కుల కూర్పులో ఉన్నది. మూడు డిస్కులలో వరుసగా 1, 0, 1 అను అంకెలున్నవనుకొందము. నాలుగింటి మొత్తము ఎల్లప్పుడు సరిసంఖ్య కావలెనని నియమము; కనుక నాల్గవదానిలో 0 వ్రాయబడును. ఇప్పుడు మూడవ డిస్కు చెడినది. మిగిలినవి 1, 0, 0, మొత్తము బేసి. కాబట్టి పోయినది 1 అయి తీరవలెను. విద్యార్థులు వేరు అంకెలతో చేసి చూడవచ్చును. ఇట్టి కూర్పులకు 'రెయిడ్' అను పేరు 1988లో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనువారి వ్యాసముతో ప్రసిద్ధికెక్కినది.

రెండు డిస్కులు ఒకేమారు పోయినచో ఈ లెక్క సాగదు. ఒకే వయస్సు గల పాత డిస్కుల విషయమున ఇది వట్టి భయము కాదు. క్రొత్తవి వేయుట మేలు. పిల్లవాడు పొరపాటున చెరిపిన ఫోటోను కూడ రెయిడ్ తిరిగి ఈయలేదు. కావున మరియొక ప్రతి వేరొకచోట ఉండవలసినదే.

150 వాట్ల యంత్రము రేయింబవళ్లు నడిచినచో దినమునకు 3.6 యూనిట్లు, 30 దినములకు 108 యూనిట్లు ఖర్చగును. వారమునకొకసారి నడిపి, ఫైళ్లు దాచుకొని, ఆపివేయువారికి ఇందులో చాలభాగము మిగులును.