విభాగ సాధన (బార్బర్‌షాప్ సంగీతం)

విభాగ సాధన అనగా బహుగళ గాన బృందములో ఒకే స్వరభాగాన్ని పాడే గాయకులు మిగిలినవారి నుండి విడివడి, తమ భాగాన్ని ప్రత్యేకంగా అభ్యసించడం. వాడుకలో దీనిని సెక్షనల్ అంటారు. చర్చి క్వయర్లలోను, వాద్య బృందాలలోను కూడా ఈ పద్ధతి ఉన్నది. అమెరికాలో పుట్టిన బార్బర్‌షాప్ కోరస్‌లలో ఈ సాధన జరిగే తీరు ఈ వ్యాసంలో వివరించబడినది.

నేపథ్యం

బార్బర్‌షాప్ గానం వాద్యాల తోడు లేకుండా నాలుగు భాగాలుగా పాడబడుతుంది. దీని మూలాలు 19వ శతాబ్దపు చివరినాటి ఆఫ్రికన్ అమెరికన్ గాన సంప్రదాయంలో ఉన్నవి. 1938 ఏప్రిల్ 11న ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సా నగరంలో ఓ.సి.క్యాష్, రూపర్ట్ హాల్ అనువారి ఆహ్వానంపై 26 మంది పురుషులు పాడటానికి సమావేశమయ్యారు. నేటి బార్బర్‌షాప్ హార్మనీ సొసైటీకి అదే నాంది. స్త్రీల కొరకు స్వీట్ ఆడలైన్స్ సంస్థ 1945లో అదే నగరంలో ఏర్పడినది. మొదటి సంస్థ 2018లో స్త్రీలకు కూడా సభ్యత్వం కల్పించింది. తొలుత ఈ గానం నలుగురు పాడే క్వార్టెట్లకే ప్రసిద్ధి. పదుల సంఖ్యలో గాయకులుండే కోరస్‌లు తరువాత వృద్ధి చెందాయి.

నాలుగు భాగాలు

కర్ణాటక సంగీతంలో ఎందరు కలసి పాడినా రాగం ఒకటే. తెలుగునాట చర్చి క్వయర్లలో నాలుగు భాగాల గానం ఉన్నప్పటికీ, ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు ఎక్కువగా ఏకగళంగానే పాడబడతాయి. బార్బర్‌షాప్‌లో ఇంచుమించు ప్రతి అక్షరం వద్ద నలుగురూ నాలుగు స్వరాలు పలుకుతారు. ఇలా ఏకకాలంలో వినిపించే స్వర సముదాయాన్ని కార్డ్ అంటారు.

పాట యొక్క వరుసను లీడ్ పాడుతుంది. దానికి పైన తేలికగా టెనార్, అడుగున బేస్ ఉంటాయి. కార్డ్‌లో మిగిలిపోయిన స్వరాన్ని పూరించడం బారిటోన్ పని. అందుచేత అది లీడ్‌కు ఒకమారు పైన, ఒకమారు క్రింద సంచరిస్తుంది. విడిగా వింటే బారిటోన్ భాగం పాట వలె వినిపించదు. నాలుగింటిలో నేర్చుకొనడానికి కష్టమైనది ఇదేనని చెప్పవచ్చును.

విడదీయవలసిన అవసరం

కోరస్ సభ్యులలో అత్యధికులు వృత్తి గాయకులు కారు. వారానికొక సాయంత్రం, పని ముగించుకొని వచ్చి రెండు మూడు గంటలు పాడతారు. సంచాలకుడు ఒక భాగాన్ని సవరిస్తూ ఉంటే మిగిలిన మూడు భాగాలవారు ఊరక నిలుచుండవలసి వస్తుంది. అంతకంటె ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. పెద్ద బృందంలో స్వరం తెలియనివాడు ప్రక్కవాని గొంతు చాటున దాగగలడు. ఆ ప్రక్కవాడు రాని రోజున ఆ భాగమే కూలిపోతుంది. పదిమంది మాత్రమే అర్ధచంద్రాకారంగా, ఒకరికొకరు వినబడేలా నిలిచినపుడు ఈ లోపం బయటపడుతుంది. అయితే దానిని బయటపెట్టే తీరులోనే విభాగ నాయకుని నేర్పు తెలుస్తుంది. కొత్తవానిని ఒంటరిగా పాడించి తప్పు చూపితే అతడు మరుసటి వారం రాకపోవచ్చును. అనుభవజ్ఞులైన నాయకులు ఇద్దరిద్దరిచేత, ముగ్గురు ముగ్గురిచేత పాడిస్తారు. తప్పును వ్యక్తికి గాక ఆ చరణానికి ఆపాదించి, అందరిచేతా మరల పాడిస్తారు.

స్వరాలు కంఠస్థం చేయడానికి ఈ సమయాన్ని వెచ్చించరాదు. అందుకు అభ్యాస ధ్వనిముద్రికలు ఉన్నవి. వీటిలో ఒక చెవికి సొంత భాగము, రెండవ చెవికి తక్కిన మూడు భాగాలు వినిపించే రకం ఎక్కువ ఉపయోగకరం. ఇంట్లో వినకుండా వచ్చినవారి కొరకు అరగంట సాధన పాఠశాలలో గుణింతం వల్లె వేయించినట్లు గడచిపోవడం చాలా బృందాలలో జరిగేదే.

శ్రుతి సమస్య

విభాగ సాధనలో తరచుగా కనిపించే లోపం కీబోర్డుపై స్వరం వాయించి దానికి సరిగా పాడించడం. పైకి ఇది నిర్దుష్టంగా కనిపిస్తుంది. కాని బార్బర్‌షాప్ గాయకులు ఆశించే కార్డ్ కీబోర్డు మీద లేదు. వీరికి ప్రియమైన కార్డ్‌లోని నాలుగు స్వరాల పౌనఃపున్యాలు 4:5:6:7 నిష్పత్తిలో ఉంటాయి. షడ్జమం 220 హెర్ట్జ్ అయితే అంతర గాంధారం 275, పంచమం 330, నిషాదం 385 హెర్ట్జ్ కావలెను. కీబోర్డులో ఆ గాంధారం సుమారు 277, నిషాదం సుమారు 392 హెర్ట్జ్ ఉంటాయి.

రెండు హెర్ట్జ్‌ల తేడా స్వల్పమని తోచవచ్చును. గొంతులోని ప్రతి స్వరంతోపాటు దాని గుణిజాలైన అతిస్వరాలు కూడా పుడతాయి. 220కి అయిదు రెట్లు 1100. 275కు నాలుగు రెట్లు కూడా 1100. ఈ రెండూ ఏకమై ఎవరూ పాడని ఒక పై స్వరం మోగినట్లు వినిపిస్తుంది. గాయకులు దీనినే రింగ్ అంటారు. కీబోర్డు గాంధారం పాడితే అతిస్వరాలు కలవక, సెకనుకు 8 లేక 9 విస్పందనాలు ఏర్పడి కార్డ్ మసకబారుతుంది. తంబూరను చక్కగా శ్రుతి చేసినపుడు ఎవరూ మీటని గాంధారం వినబడటం తెలుగు సంగీతజ్ఞులకు పరిచితమైన విషయమే. ఆ గాంధారమే ఇది. నిషాదం మాత్రం కైశికి నిషాదానికన్న మరికొంత తగ్గినది కనుక మనకు కూడా కొత్తగా తోస్తుంది.

కావున పిచ్ పైప్‌తో ఆధార స్వరం అందుకొన్న పిమ్మట, ఒకరిద్దరు కార్డ్ యొక్క మూల స్వరాన్ని తంబూర వలె నిలిపి ఉంచగా మిగిలినవారు తమ స్వరాన్ని దానిపై అమర్చుకొనడం మేలైన పద్ధతి. బారిటోన్, టెనార్ విభాగాలకు ఇది మరింత అవసరం. గాంధారము, నిషాదము తరచుగా వీరి వంతునకే వస్తాయి. బేస్ సాధారణంగా షడ్జమాన్ని గాని పంచమాన్ని గాని పాడుతుంది. ఆ విభాగం పని స్థిరత్వం, గాత్ర పుష్టి.

అచ్చులు, శ్వాస

స్వరాలు కలసినా అచ్చులు కలవకపోతే రింగ్ రాదు. ఆంగ్లంలో నైట్ అనే మాటలోని ఐ ధ్వని ఆ, ఇ ల కలయిక. ఆ మాటను నాలుగు మాత్రలు నిలిపినపుడు ఆ ధ్వనిని చివరి వరకు పట్టి, ఇ లోనికి చిట్టచివర మాత్రమే మారవలెను. ఏ మాత్ర వద్ద మారవలెనో విభాగమంతా నిర్ణయించుకొనడం సెక్షనల్‌లోనే సాధ్యం. దీర్ఘమైన చరణంలో అందరూ ఒకేచోట ఊపిరి తీయకుండా వంతులు ఏర్పరచుకొనడం కూడా ఇక్కడే జరుగుతుంది. క్వార్టెట్‌కు లేని ఈ సౌకర్యం కోరస్‌కు ఉన్నది.

తిరిగి కలుపుట

ఎక్కువసేపు విడిగా సాధన చేసిన భాగం స్వతంత్రమైన పాటగా గట్టిపడిపోయే ప్రమాదం ఉన్నది. బృందం కలిసిన వెంటనే నలుగురినీ ఒకేసారి పాడించడం కంటె రెండేసి భాగాలను జతపరచడం మంచిది. మొదట లీడ్, బేస్ కలసి పాడతారు. పిమ్మట లీడ్‌తో బారిటోన్ చేరుతుంది. టెనార్‌ను చివర చేర్చుతారు. కొన్ని కోరస్‌లలో ప్రతి విభాగం నుండి ఒక్కొక్కరిని తీసుకొని అప్పటికప్పుడు క్వార్టెట్‌గా పాడిస్తారు. అందులో తన భాగాన్ని నిలబెట్టుకొన్నవారినే ఆ పాటతో వేదికపైకి అనుమతిస్తారు.