పాత లైసెన్సు, క్రొత్త కంప్యూటరు

పంచాయతీ కార్యాలయమునకు క్రొత్త కంప్యూటరు వచ్చిన నాడే పాతదానిని మూలకు నెట్టరాదని మా మనవి. ఫైళ్లను పెన్‌డ్రైవులో ఎక్కించినంత మాత్రమున సాఫ్ట్‌వేరు వెంట రాదు. దాని లైసెన్సు పాత యంత్రమునందే నిలిచియుండును.

ట్యాలీనే తీసికొందము. లెక్కల బ్యాకప్ తీసి, పాత యంత్రములో లైసెన్సును ‘సరెండరు’ చేసి, పిమ్మట క్రొత్తదానిలో యాక్టివేటు చేయవలయును. పాతది బొత్తిగా చెడిన పిదప ఇదే పని చిక్కుల పాలగును.

విండోసు, ఆఫీసుల తీరు వేరు. యంత్రముతో పాటు వచ్చిన లైసెన్సు సాధారణముగా దానితోనే ముగియును; విడిగా కొన్నదానిని పాతదాని నుండి తొలగించి మార్చుకొనవచ్చును. కొనుగోలు రసీదు ఇక్కడ అక్కరకు వచ్చును. అయితే ఆఫీసు 2016, 2019లకు మైక్రోసాఫ్టు మద్దతు 2025 అక్టోబరు 14తో నిలిచెను. రక్షణ సవరణలు రాని దానిని ఇంటిపన్ను లెక్కలున్న యంత్రములో మరల నెక్కించుట మాకు సమ్మతము కాదు.

అన్నిటికంటె ముఖ్యము తెలుగు తీర్మానములు. అను ఫాంట్లలో టైపు చేసినవి, ఆ ఫాంట్లు లేనిచోట అర్థము కాని గుర్తులుగా కనిపించును. రేపు పోరంబోకు తగాదాలో ఆ తీర్మానమే ఆధారము కావచ్చును గదా! పాత యంత్రము నడచుచుండగనే వానిని యూనికోడునకు మార్పించి, మూలముతో సరిచూచి, కాగితముపై నొక ప్రతి తీసి బీరువాలో నుంచవలయును.