లారీ ఐడ్లింగ్‌ను కాపలా కాసే రెండు గుండ్లు

విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డు ముందు పాత ఆరు సిలిండర్ల లారీ నిలబడి ఉంది. డీజిల్ పంపు విప్పి, కాలిబ్రేషన్ చేయించి, అప్పుడే బిగించారు. స్టార్ట్ చేస్తే ఇంజన్ వూమ్మని లేస్తుంది, ఆగిపోతుందేమో అన్నంతగా పడిపోతుంది, మళ్లీ లేస్తుంది. వాచీ చూస్తూ లెక్కపెట్టాను. సుమారు రెండు సెకన్లకోసారి, ఊయల ఊగినట్టు. డ్రైవరు స్క్రూడ్రైవర్ పట్టుకుని ఐడ్లింగ్ స్క్రూ దగ్గరికి వెళ్లబోతే మేస్త్రి ఆపాడు.

"స్క్రూ ముట్టుకోకు బాబాయ్. గవర్నర్ తన పని తాను చేస్తోంది. దాన్ని ఇంకేదో మోసం చేస్తోంది."

ఏళ్ల తరబడి ఫిజిక్స్ పాఠం చెబుతున్న నాకు ఆ మాట బాగా నచ్చింది. గవర్నర్ గురించి అంత సూటిగా నేనెప్పుడూ చెప్పలేదు.

డీజిల్ ఇంజన్ పీల్చే గాలికి అడ్డు ఉండదు. వేగాన్ని తేల్చేది చిమ్మే డీజిల్ ఒక్కటే. లోడు లేనప్పుడు అవసరానికి రవ్వంత ఎక్కువ పడితే వేగం పెరుగుతూనే పోతుంది, రవ్వంత తగ్గితే ఇంజన్ ఆగిపోతుంది. ఆ రవ్వ ఎంతో చూడండి. నిమిషానికి 600 చుట్లు తిరిగే ఆరు సిలిండర్ల ఇంజన్‌లో సెకనుకు 30 సార్లు డీజిల్ చిమ్ముతుంది. గంటకు లీటరు ఖర్చవుతుందనుకుంటే ఒక్కోసారి పడేది సుమారు 9 ఘనపు మిల్లీమీటర్లు. ఒక నీటి చుక్కలో ఐదో వంతు! అంత సన్నటి లెక్కను కాలితో నిలబెట్టడం ఏ డ్రైవరుకూ సాధ్యం కాదు.

అందుకే పంపు షాఫ్టు చివర రెండు గుండ్లు కూర్చోబెట్టారు, గవర్నర్ అంటే అదే. షాఫ్టుతో పాటు తిరుగుతుంటే అపకేంద్ర బలం వాటిని బయటికి లాగుతుంది, స్ప్రింగులు లోపలికి నొక్కుతాయి. వేగం పెరిగితే గుండ్లు విచ్చుకుంటాయి, ఆ కదలిక లివర్ల మీదుగా ర్యాకు అనే పళ్ల కడ్డీని డీజిల్ తగ్గే వైపు జరుపుతుంది. ర్యాకు పళ్లు డీజిల్‌ను నెట్టే ప్లంజర్లను కొద్దిగా తిప్పుతాయి, ప్లంజరు మీద ఏటవాలుగా కోసిన గాడి డీజిల్‌ను ముందుగానే వెనక్కి వదిలేస్తుంది. వేగం తగ్గితే అంతా తిరగబడుతుంది.

నాకు అన్నిటికంటే ముచ్చటైనది స్ప్రింగుల అమరిక. అపకేంద్ర బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 600 నుంచి 2400కు వెళితే వేగం నాలుగింతలు, బలం పదహారింతలు. ఒక్క స్ప్రింగు రెండు చోట్లా పనికిరాదు. కాబట్టి ఐడ్లింగ్‌కు మెత్తనిది, గరిష్ఠ వేగానికి గట్టివి, ఒకదానిలో ఒకటి ఇమిడేలా పెట్టారు. మధ్య వేగాల్లో మెత్తని స్ప్రింగు అప్పటికే నొక్కుకుపోయి ఉంటుంది, గట్టివి ఇంకా కదలవు. అక్కడ పెత్తనమంతా డ్రైవరు కాలిదే.

ఈ ఆలోచన పిండిమరల నుంచి వచ్చింది. 1788లో లండన్ ఆల్బియన్ మిల్లులో ఇలాంటి గుండ్లను చూసి బౌల్టన్ తన భాగస్వామి జేమ్స్ వాట్‌కు రాశాడు. వాట్ దాన్ని ఆవిరి యంత్రానికి అమర్చాడు. ఊగిసలాట కూడా దాని వెంటే వచ్చింది. 1840లో ఖగోళవేత్త ఏరీ టెలిస్కోపును తిప్పే యంత్రం గవర్నర్‌లో అదే చూశాడు. 1868లో మాక్స్‌వెల్ గణితంతో చెప్పాడు: దిద్దుబాటు జరిగినంత మాత్రాన యంత్రం కుదుటపడదు, ఊపు దానంతటది చల్లారే షరతులు వేరే ఉన్నాయి. మెకానిక్‌లు హంటింగ్ అనేది ఈ ఊగిసలాటనే. 1927లో బాష్ డీజిల్ పంపుల ఉత్పత్తి మొదలుపెట్టింది. 1951లో బెంగళూరులో ఆ పంపులు చేసే మైకో కంపెనీ వెలిసింది. 1995లో కంప్యూటరు నడిపే కామన్ రైల్ పద్ధతి లారీల్లోకి వచ్చింది. గుండ్ల పని ఇప్పుడు సెన్సారు, కంప్యూటరు చేస్తున్నాయి.

మళ్లీ షెడ్డుకు వద్దాం. మేస్త్రి ఫిల్టరు మీది బ్లీడ్ స్క్రూ వదులు చేసి హ్యాండ్ ప్రైమర్ కొట్టాడు. డీజిల్ బదులు తెల్లటి నురగ వచ్చింది. గాలి! నాజిల్ తెరుచుకోవడానికి దాదాపు 200 బార్ ఒత్తిడి కావాలి. ప్లంజరు పైన బుడగ ఉంటే అది నలుగుతుంది కానీ ఒత్తిడి లేవదు. ఒక దెబ్బ తప్పుతుంది, వేగం పడుతుంది, గవర్నర్ డీజిల్ పెంచుతుంది. ఈలోగా బుడగ దాటిపోతుంది, పెంచిన డీజిలంతా ఒక్కసారి మండుతుంది.

గాలి తీసినా కాసేపటికి మళ్లీ నురగే. ట్యాంకు నుంచి ఫీడ్ పంపుకు వచ్చే పైపు బోల్టు విప్పితే పాత రాగి వాషరు కనిపించింది, అంచున సన్నటి గీత. అది పీల్చే వైపు కాబట్టి ఇంజన్ నడుస్తుంటే బయటికి చుక్క కారదు, లోపలికి గాలి పోతుంది. కొత్త వాషరు వేసి గాలి తీశాక ఇంజన్ కుదురుగా నిలబడింది.

పంపు మార్చాక ఐడ్లింగ్ ఊగితే ముందు గాలి తీయండి. పీల్చే వైపు జాయింట్లన్నిటికీ కొత్త వాషర్లు వేయండి. ఊగకుండా ఒకే తీరున మిస్ కొడుతుంటే ఏదో ఒక సిలిండరును అనుమానించండి. నాజిల్ పైపుల దగ్గర వేలు పెట్టకండి, ఆ ఒత్తిడికి డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. ఐడ్లింగ్ స్క్రూ జోలికి అన్నిటికంటే చివర వెళ్లండి.