సూత్రధారుడు – దర్శకుడు: సురభి రంగస్థలంపై బి. వి. కారంత్ ప్రయోగం

తెలుగు నాటక విమర్శలో రచనను గూర్చి, నటనను గూర్చి వ్రాసినంత విస్తారంగా దర్శకత్వాన్ని గూర్చి వ్రాయలేదు. పద్యనాటకాల కాలంలో ప్రేక్షకుడు పాత్రధారి పేరును బట్టి నాటకానికి వెళ్లేవాడు. పద్యం నచ్చితే ‘వన్స్‌మోర్’ అని తన మెప్పును అక్కడికక్కడే ప్రకటించేవాడు. దర్శకుని కృషి తెరవెనుకనే ఉండిపోయేది. సమీక్షలలో సైతం ‘దర్శకత్వం బాగున్నది’ అనే ఒక్క వాక్యంతో ఆ ప్రసక్తి ముగియడం కద్దు. దర్శకత్వమనగా ఏ పని? దాని గుణదోషాలను ఏ ప్రమాణంతో నిర్ణయించాలి? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకడానికి 1996లో ప్రసిద్ధ కన్నడ రంగస్థల దర్శకుడు బి. వి. కారంత్ సురభి కళాకారులతో చేసిన ప్రయోగం తగిన ఆధారం.

శాస్త్ర దృష్టి

‘దర్శకుడు’ అనే మాట నేటి అర్థంలో నాట్యశాస్త్రంలో కానరాదు. అయితే ఆ పని భరతునికి తెలియనిది కాదు. నటులకు శిక్షణ ఇచ్చేవాడు నాట్యాచార్యుడు. గీత, వాద్య, పాఠ్యాలను ఎరిగి వాటిని ఒక్క సూత్రాన కూర్చేవాడు సూత్రధారుడు. ఈ ఇరువురి ధర్మాలను కలిపి చూస్తే నేటి దర్శకుని స్వరూపం చాలవరకు లభిస్తుంది. భేదమొక్కటే. సూత్రధారుడు నటవర్గంలోనివాడు. వారితో పుట్టి, వారితో రంగమెక్కి, వారితోనే జీవించేవాడు. ఆధునిక దర్శకుడు తరచుగా వెలుపలి నుండి వచ్చి, ప్రయోగం ముగియగానే వెళ్లిపోయేవాడు. సురభి విషయంలో ఈ భేదమే ప్రధాన సమస్య.

సురభి సంప్రదాయం

కడప మండలంలోని సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు ప్రభృతులు ‘కీచకవధ’ను ప్రదర్శించడంతో ఈ సమాజానికి అంకురార్పణ జరిగింది. తోలుబొమ్మలాట ఆడిన కుటుంబాలవారు మనుష్యపాత్రలతో రంగమెక్కడం అందులోని విశేషం. స్త్రీపాత్రలను స్త్రీలే ధరించడం మరొక విశేషం. కుటుంబాలు పెరిగిన కొలది సమాజాలు పెరిగాయి. వాటిలో 1937లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలి ప్రసిద్ధమైనది. దానిని దీర్ఘకాలం నడిపిన సురభి నాగేశ్వరరావు (బాబ్జీ) 2013లో పద్మశ్రీ పురస్కారం పొంది, 2022లో దివంగతులయ్యారు.

సురభిలో విద్య పుస్తకాల నుండి వచ్చేది కాదు. బాలకృష్ణునిగా, లవకుశులుగా రంగమెక్కిన బిడ్డ క్రమంగా నాయక పాత్రలకు, ఆపై పెద్ద పాత్రలకు చేరుతాడు. అదే వ్యక్తి తెర లాగుతాడు, దీపం పెడతాడు, హార్మోనియం అందుకుంటాడు. వ్రాసిన పరదాలు, గాలిలో తేలిపోయే పాత్రలు, ఆకాశంలో ఢీకొనే బాణాలు, ఉన్నట్టుండి మారే దృశ్యాలు ఇవన్నీ ఆహార్యానికి సంబంధించిన కుటుంబ విద్యలు. ‘మాయాబజార్’, ‘పాతాళభైరవి’ వంటి నాటకాల ఖ్యాతికి ఇవే మూలం. ఇటువంటి ప్రయోగంలో కర్త ఎవరని అడిగితే ఒక్క పేరు చెప్పడం కష్టం. తరతరాల అభ్యాసమే అచ్చట దర్శకత్వం.

కారంత్ పూర్వరంగం

బాబుకోడి వెంకటరమణ కారంత్ 1929లో దక్షిణ కన్నడ ప్రాంతంలో జన్మించారు. బాల్యంలోనే ఇల్లు విడిచి గుబ్బి వీరణ్ణ నాటక కంపెనీలో చేరి బాలపాత్రలు ధరించారు. వీరణ్ణ ప్రోత్సాహంతో కాశీకి వెళ్లి ఉన్నత విద్య అభ్యసిస్తూ ఓంకారనాథ్ ఠాకూర్ వద్ద హిందుస్తానీ సంగీతం నేర్చారు. అనంతరం ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో శిక్షణ పొంది, 1977లో ఆ సంస్థకే డైరెక్టరు అయ్యారు. తరువాత భోపాల్‌లోని భారత్ భవన్ రంగమండల్‌కు, 1989లో మైసూరులో ఆరంభమైన రంగాయణకు సారథ్యం వహించారు. 2002లో కన్నుమూశారు.

కంపెనీ నాటకమే ఆయన తొలి పాఠశాల, ఆధునిక రంగస్థల విద్య మలి పాఠశాల. ‘హయవదన’, ‘జోకుమారస్వామి’ ప్రయోగాలలోను, షేక్‌స్పియర్ ‘మాక్బెత్’ను యక్షగాన పద్ధతిలో మలచిన ‘బర్నమ్ వన్’ (1979) ప్రయోగంలోను ఈ రెండు విద్యలు జమిలిగా కనిపిస్తాయి. వాటిలో సంగీతం పాటలకే పరిమితం కాదు. కట్టెల చప్పుడు, రాళ్ల రాపిడి, నటుని ఊపిరి సైతం రంగధ్వనిగా మారి సన్నివేశార్థాన్ని మోస్తాయి. గీత, వాద్య, పాఠ్యాల ఏకసూత్రత అని భరతుడు కోరినది ఇదే.

1996 నాటి శిబిరం

నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా, అలరిప్పు సంస్థల సహకారంతో 1996లో సురభి కళాకారులకు జరిగిన శిక్షణ శిబిరానికి కారంత్ ఆచార్యత్వం వహించారు. ‘భీష్మ’, ‘చండీప్రియ’, ‘బస్తీ దేవత యాదమ్మ’ అనే మూడు నాటకాలు దాని ఫలితాలు. వీటిలో మూడవది జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ రచించిన ‘సెచువాన్ సాధ్వి’ కథకు తెలుగు అనుసరణ.

ఈ ఎంపికలోనే దర్శకుని ఆలోచన వ్యక్తమవుతున్నది. ‘భీష్మ’ పౌరాణికం, సురభివారికి పుట్టినింటి వంటిది. ‘యాదమ్మ’ పరాయి నేల. బ్రెహ్ట్ మూలంలో ముగ్గురు దేవతలు లోకంలో ఒక్క మంచి మనిషినైనా చూడాలని దిగివస్తారు. వారికి ఆశ్రయమిచ్చినది ఒక వేశ్య. మంచిగా బ్రతకాలంటే కఠినుడైన బంధువు వేషం వేయక తప్పని స్థితి ఆమెకు కలుగుతుంది. చివరకు దేవతలు ఆమె మొర వినీ విననట్లు మేఘమెక్కి స్వర్గానికి పోతారు.

దేవతలను ఆకాశం నుండి దింపడం, తిరిగి ఎక్కించడం సురభివారికి నిత్యకృత్యం. పౌరాణికంలో ఆ దృశ్యం అద్భుతరసాన్ని పోషిస్తుంది, ప్రేక్షకుడు చేతులు జోడిస్తాడు. బ్రెహ్ట్ కథలో అదే ఆరోహణం అధిక్షేపం అవుతుంది. ఆపన్నురాలిని విడిచిపోయే దేవతలను చూచి ప్రేక్షకుడు ఆలోచనలో పడాలి. యంత్రవిద్య ఒక్కటే, ప్రయోజనం వేరు. సంప్రదాయ నటుని చేతిలోని పనిముట్టును మార్చకుండా దాని అర్థాన్ని మార్చగలిగే అవకాశం ఈ ఇతివృత్తంలో ఉన్నది. అట్లే ఒకే నటి రెండు వేషాలలో రెండు స్వభావాలను చూపడం, కథ నడుమ పాట రావడం కంపెనీ నటులకు కొత్త కాదు. బ్రెహ్ట్ ఆసియా రంగస్థలం నుండి గ్రహించిన నాట్యధర్మి ఈ విధంగా మరొక ఆసియా రంగస్థలాన్ని చేరినది.

విమర్శ – ప్రమాణం

కారంత్ కృషిపై విమర్శకులలో రెండు అభిప్రాయాలు ఉన్నవి. సంగీతాన్ని నాటక శరీరంలో భాగం చేసినవాడని ఒక వర్గం ప్రశంసించినది. సంగీతం మాటను మించిపోయి నాటకార్థాన్ని కప్పివేసినదని మరొక వర్గం ఆక్షేపించినది. జానపద, సంప్రదాయ రూపాలను ఆధునిక దర్శకులు అలంకారప్రాయంగా వాడుకుంటున్నారనే విస్తృత వివాదం కూడ ఆ కాలపు భారతీయ రంగస్థలంపై నడిచినది.

సురభి విషయంలో ఈ ఆక్షేపణ మరింత తీవ్రమైనది. సంస్థల సహాయంతో జరిగే శిబిరం కొన్ని వారాల మాట. టికెట్టు రాబడిపై ఆధారపడిన కుటుంబాలకు నాటకం నిత్యజీవనం. వెలుపలి దర్శకుడు నేర్పినది వారి అన్నానికి ఆధారం కాగలదా, లేక ఉత్సవాలకు మాత్రమే మిగులుతుందా? ఈనాటికీ సురభి పేరు వినగానే సామాన్య ప్రేక్షకునికి స్ఫురించేది ‘మాయాబజార్’ కాని ‘యాదమ్మ’ కాదు. దీనిని బట్టి ప్రయోగం విఫలమైనదని తేల్చడం తొందరపాటు. అట్లని దర్శకుని కీర్తిని చూచి సఫలమైనదనడం అంతకన్న తొందరపాటు.

ఈ సందర్భంలో నాట్యశాస్త్రం 27వ అధ్యాయంలోని సిద్ధివిచారం ఉపకరిస్తుంది. నవ్వు, సాధువాదం, పులకింత మొదలైన వాటితో వ్యక్తమయ్యేది మానుషీసిద్ధి. శబ్దం, క్షోభ లేక నిండు రంగం నిశ్చలమైపోవడం దైవీసిద్ధి. ‘వన్స్‌మోర్’ మొదటి కోవలోనిది, అది నటునికి చెందుతుంది. రెండవది ఏ ఒక్క నటునికీ చెందదు. గీతం, వాద్యం, పాఠ్యం, ఆహార్యం ఏకమైనప్పుడే అది సంభవం. కనుక దర్శకుని పనికి గీటురాయి దైవీసిద్ధియే అనుకోవడం సమంజసం. అంతేకాక భరతుడు ప్రాశ్నికులుగా యజ్ఞవిదుని, నర్తకుని, ఛందోవేత్తను, చిత్రకారుని, వేశ్యను, రాజసేవకుని సైతం పేర్కొన్నాడు. ఎవరి విద్యకు సంబంధించిన అంశాన్ని వారే పరీక్షించాలని దాని భావం. ఆ న్యాయాన సురభి ప్రయోగాన్ని పరీక్షించవలసిన ప్రాశ్నికులలో తెర లాగేవారికి, హార్మోనియం వాయించేవారికి కూడ స్థానం కలదు.

ఉపసంహారం

కారంత్ సురభికి పూర్తిగా వెలుపలివాడు కాడు. కంపెనీ అన్నం తిని పెరిగినవాడు. అందువల్లనే నాట్యాచార్యునిగా ఆయన అర్హత ప్రశ్నింపరానిది. సూత్రధారుడు మాత్రం సమాజంతో నిలిచి ఉండవలసినవాడు. ఆ స్థానం సురభి పెద్దలదే. ఆచార్యుడు ఇచ్చినదానిని సూత్రధారుడు నిలుపుకొన్నంత మేరకే ఇటువంటి ప్రయోగం బ్రతుకుతుంది. సరూర్‌నగర్ వైపు తరగతి గదిలో సిద్ధిలక్షణాన్ని చదువుకొనే విద్యార్థికి అదే నగరపు పడమటి వైపున శేరిలింగంపల్లిలో సురభి కాలనీ ఉన్నది. గ్రంథాన్ని, రంగాన్ని కలిపి చదివినప్పుడే తెలుగులో దర్శకత్వ విమర్శకు పునాది ఏర్పడుతుంది.