ఆంగ్లమున అభిప్రాయము చెప్పుట, అడుగుట

అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో మాటకు మర్యాద నిచ్చునది 'అండి'. "కాదండి" అన్నచో కాదనుటయు జరుగును, ఎదుటివారి పెద్దరికమును నిలుచును. ఆంగ్లమున అట్టి చిన్నమాట లేదు. 'సర్' ఉన్నను అది అందరియెడల చెల్లదు. కావుననే మన బిడ్డ ఉద్యోగపు ఇంటర్వ్యూలో "నో, యు ఆర్ రాంగ్" అన్నచో కటువుగా తోచును; కటువగునేమోయని జంకినచో మౌనమే మిగులును. రెండును నష్టమే.

అచ్చట మర్యాదను వాక్యమే మోయవలెను. "ఐ థింక్", "ఇట్ సీమ్స్ టు మి" అని ఆరంభించుట మేలు. 'అనుకొనుచున్నాను' అను తెలుగును బట్టి మనము "ఐ యామ్ థింకింగ్" అందుము. అభిప్రాయము చెప్పునపుడు "ఐ థింక్" అనియే అనవలెను. "అకార్డింగ్ టు మి" అనుటయు పాడి కాదు. ఆ పలుకుబడి ఇతరుల అభిప్రాయమునకు చెల్లును. 'అతడు రాడనుకొందును' అనునది ఆంగ్లమున వ్యతిరేకము ముందునకు వచ్చి "ఐ డోంట్ థింక్ హి విల్ కమ్" అగును.

సమ్మతి లేనపుడు "ఐ సీ యువర్ పాయింట్, బట్" అని మొదలిడినచో మన 'అండి' చేయు పనిని అది కొంత చేయును. అడుగుటకు "వాట్ డు యు థింక్?" చాలును, అచ్చట 'హౌ' పొసగదు.

ఈ రాత్రి ఆత్రేయపురపు పూతరేకులు ముందుంచి పిల్లలను అట్లే అడిగి చూడుడు. జంకు తీరుటకు ఇంటికి మించిన బడి లేదు.