యువజనుల బాట - ప్రభుత్వాల బాధ్యత

చదువు, ఉద్యోగం, వివాహం - యువజనులు ఈ మెట్లు వరుసగా ఎక్కుతారని ఐరోపా ప్రభుత్వాలు చాలాకాలం తలచాయి. ఆ వరుస చెదిరిందని సమాజశాస్త్రజ్ఞులు గుర్తించారు. ఉద్యోగం పోయి తిరిగి చదువుకు, వేరు కాపురం విడిచి తిరిగి తల్లిదండ్రుల ఇంటికి మళ్ళే ఈ గమనాన్ని జర్మన్ పరిశోధకుడు ఆండ్రియాస్ వాల్తర్ ప్రభృతులు ‘యోయో’ ఆటబొమ్మతో పోల్చారు.

2013లో యూరోపియన్ యూనియన్ ‘యువజన హామీ’ని ఆమోదించింది. చదువు ముగిసిన లేక ఉద్యోగం పోయిన నాలుగు నెలలలోగా, 25 ఏళ్ళలోపు వారికి ఉద్యోగమో, చదువో, వృత్తి శిక్షణో చూపాలన్నది దాని సారాంశం. 2020లో దానిని 30 ఏళ్ళలోపు వారికి విస్తరించారు.

అయితే శిక్షణ ఒక్కటే చాలునా? 2010లో ప్రకటితమైన ఒక ఫ్రాన్సు పరిశోధనలో, సమాన అర్హతలు, ఒకే సెనెగల్ ఇంటిపేరు గల ఇద్దరు కల్పిత యువతుల దరఖాస్తులు సంస్థలకు పంపారు. ముస్లిం పేరుకంటె క్రైస్తవ పేరుకు రెండున్నర రెట్లు ఎక్కువగా పిలుపులు వచ్చాయి. కనుక లోపమంతా యువజనులలోనే వెదకరాదు. యజమానుల వివక్షను కూడ సరిదిద్దినప్పుడే ప్రభుత్వ విధానం అద్ల్, అనగా న్యాయం, అనిపించుకొంటుంది.