ఆ బండి సైలెన్సర్ ఈ బండికి పట్టదు

పట్నం పోకడ పల్లెకు పాకింది - బుల్లెట్ల మోతతో ఇంజన్‌కు చేటు, జేబుకు చిల్లు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల: పొద్దుగూకే వేళ మెట్‌పల్లి నుంచి కోరుట్ల మీదుగా జగిత్యాలకు పోయే 63వ నంబరు జాతీయ రహదారి పక్కన కాసేపు నిలబడితే చాలు. బండి కనబడకముందే దాని మోత వినబడుతుంది. దడదడమని ఒకటే దరువు, మధ్యలో తుపాకి పేలినట్లు రెండు చప్పుళ్ళు. మేతకు పోయి ఇంటికి మళ్ళిన బర్రెలు బెదిరి రోడ్డుకు అడ్డం పడతాయి. అరుగుల మీద చాటలు పెట్టుకుని బీడీలు చేసే ఆడవాళ్ళు తలెత్తి ఒక తిట్టు తిట్టి, మళ్ళీ ఆకులో తంబాకు పోసుకుంటారు. బుల్లెట్ పోయింది. దానితో కంపెనీ ఇచ్చిన సైలెన్సర్ మాత్రం ఇంట్లో అటక మీద ఉంది.

ఈ మూడు పట్టణాల చుట్టుపక్కల గల్ఫ్‌కు పోయినవాళ్ళు లేని ఊరు అరుదు. అన్న దుబాయిలోనో మస్కట్‌లోనో ఎండలో పనిచేసి పంపిన పైసలతో ఇక్కడ తమ్ముడు బుల్లెట్ కొంటాడు. సగం నగదు, సగం కిస్తీలు. బండి ఇంటికి వచ్చి నెల తిరగకముందే దాని గొంతు నచ్చదు. కొత్త బండి మరీ మెత్తగా పోతున్నదని స్నేహితులు ఎద్దేవా చేస్తారు. అంతే, సైలెన్సర్ల దుకాణం ముందు బండి ఆగుతుంది. పంజాబ్, ఇందోరి, గోల్డ్‌స్టార్, డాల్ఫిన్, మెగాఫోన్ - పేర్లకేం తక్కువ లేదు. 'ఏ మోడలుకైనా పడుతుంది' అన్న మాట అక్కడ చాలా తేలిగ్గా వస్తుంది.

అసలు తంటా అంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

బుల్లెట్ అన్న పేరు ఒకటే గాని బండి ఒకటి కాదు. మద్రాసులో ఈ బండి తయారీకి 1955లో కంపెనీ పెట్టారు. అప్పటి నుంచి అర్ధశతాబ్దానికి పైగా పోత ఇనుము ఇంజన్‌తోనే నడిచింది. ఊళ్ళో పెద్దమనిషి దగ్గరో, ఠాణాలో ఎస్సై దగ్గరో ఉండే బండి అదే. దాని దరువు విని ఎవరు వస్తున్నారో ఊరంతా చెప్పేది. 2008-09 ప్రాంతంలో గేరుపెట్టె, ఇంజన్ ఒకే ముద్దగా ఉండే కొత్త ఇంజన్ వచ్చింది. 2017 ఏప్రిల్ నుంచి బీఎస్-4, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 కాలుష్య నిబంధనలు అమలయ్యాయి. బీఎస్-6తో 350 సీసీ బండికి కార్బురేటర్ పోయి కంప్యూటర్ లెక్కతో పెట్రోలు చిమ్మే పద్ధతి వచ్చింది. 2021లో క్లాసిక్‌కు, 2023లో బుల్లెట్‌కు ఇంజన్, ఛాసిస్ రెండూ మొత్తంగా మార్చేశారు. పైకి చూస్తే అదే టాంకు, అదే గుండ్రని లైటు. కింద మాత్రం వేరే బండి.

విడ్డూరం ఏమిటంటే 2022 మోడల్ బండి కొన్న కుర్రవాడు తాత కాలం బండి దరువు కావాలని, ఆ పాత బండి కోసం చేసిన సైలెన్సర్‌ను దీనికి తగిలించమంటాడు.

ఎక్కడెక్కడ పొసగదో చూడండి. పాత పోత ఇనుము ఇంజన్‌కు పొగ గొట్టాన్ని హెడ్డులోకి నొక్కి దింపితే చాలు. తర్వాతి ఇంజన్‌కు రెండు స్టడ్లు, వాటి మీద పట్టీ, మధ్యలో గ్యాస్కెట్ ఉంటాయి. ఆ గ్యాస్కెట్ ఒకసారి నలిగితే మళ్ళీ పనికిరాదు, విప్పినప్పుడల్లా కొత్తది వేయాలి. సైలెన్సర్‌ను మోసే బ్రాకెట్ల తావులు 2021కి ముందు బండికి, తర్వాత బండికి ఒకటి కావు. బెండు పైపు బయటి కొలతకు, సైలెన్సర్ మూతి లోపలి కొలతకు వెంట్రుక వాసి తేడా ఉన్నా పొగ కారుతుంది. తొందరపాటు పనివాడు ఆ సందులో డబ్బా రేకు చుట్టి క్లాంపు బిగిస్తాడు. బ్రాకెట్ అందకపోతే ఇనుప పట్టీ వంచి వెల్డింగు కొడతాడు. అదురుకు ఆ వెల్డింగు ఎన్నాళ్ళు ఆగుతుంది? కొండగట్టు ఘాటు దిగుతుండగా సైలెన్సర్ ఊడి వెనక చక్రం పక్కన వేలాడితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

అసలు ముడి మాత్రం సెన్సార్ దగ్గర ఉంది. బీఎస్-6 బండి పొగ దారిలో వేలెడంత ఆక్సిజన్ సెన్సార్ ఒకటి ఉంటుంది. పొగలో ప్రాణవాయువు ఎంత మిగిలిందో అది చూసి కంప్యూటర్‌కు చెబుతుంది. దాన్నిబట్టి పెట్రోలు కొంచెం పెంచాలా, తగ్గించాలా అన్నది కంప్యూటర్ తేల్చుకుంటుంది. పాత మోడలు గొట్టానికి ఈ సెన్సార్ బిగించే మరచుట్ల రంధ్రమే ఉండదు. అప్పుడు సెన్సార్‌ను ఊడదీసి తీగతో ఛాసిస్‌కు కట్టేస్తారు. కంప్యూటర్‌కు కబురు అందదు. అది గుడ్డి లెక్క మీద పెట్రోలు పోస్తుంది. మీటరులో ఇంజన్ బొమ్మ లైటు వెలిగి ఇక ఆరదు. ఆ లైటును బల్బు పోయిందనుకుని ఏళ్ళ తరబడి తిరిగేవాళ్ళూ లేకపోలేదు.

సెన్సార్ బిగించినా దానికంటే ముందు అతుకులో సందు ఉంటే మరో చిక్కు. బయటి గాలి ఆ సందులోంచి లోపలికి పోతుంది. పొగలో గాలి ఎక్కువైందని సెన్సార్ పొరబడుతుంది. పెట్రోలు తక్కువైందనుకుని కంప్యూటర్ ఇంకా పోస్తుంది. మైలేజీ పడిపోయిందని పెట్రోలు బంకువాణ్ణి తిట్టుకునేవాడు ముందుగా తన బండి బెండు పైపు అతుకు దగ్గర మసి పట్టిందేమో చూసుకోవాలి.

కార్బురేటర్ బండ్లది ఇంకో కథ. పొగ దారి బారుగా తెరిస్తే ఇంజన్ గాలి ఎక్కువ పీల్చుకుంటుంది, పెట్రోలు మాత్రం పాత జెట్ ఇచ్చినంతే వస్తుంది. మిశ్రమం పలచబడుతుంది. ప్లగ్గు విప్పి చూస్తే ఇటుక రంగులో ఉండవలసిన మూతి సున్నంలా తెల్లబడి ఉంటుంది. అంటే లోపల వేడి మితిమీరుతున్నదని అర్థం. జెట్ మార్చి సరిచేయకుండా అలాగే తిప్పితే వాల్వు కాలుతుంది. అనుభవం ఉన్న మెకానిక్కు సైలెన్సర్ మార్చగానే ప్లగ్గు కూడా విప్పి చూస్తాడు. చూడనివాడి దగ్గరికి బండి ఇవ్వకపోవడమే మేలు.

ఇక ఆ టపటప పేలుళ్ళ సంగతి. అది ఇంజన్ బలం అనుకునేవాళ్ళు చాలామంది. నిజానికి యాక్సిలేటరు వదిలినప్పుడు కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిరి గొట్టంలోకి పోయి, సందులోంచి దూరిన గాలితో కలిసి, వేడికి అంటుకుని పేలుతుంది. కొన్న పెట్రోలు ఇంజన్‌లో కాలకుండా గొట్టంలో కాలుతున్నదన్నమాట. ఈ బండి బలమే సుమారు 20 హార్స్ పవర్. లోపలి జాలీ పీకేసినంత మాత్రాన అది కొండంత కాదు. పెరిగేది మోతే.

కంపెనీ అమర్చిన పొగ గొట్టం వ్యవస్థలో కేటలిటిక్ కన్వర్టర్ అనే తేనెపట్టు వంటి దిమ్మ ఉంటుంది. దాని గూళ్ళకు ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి విలువైన లోహాలు పలచగా పూసి ఉంటాయి. ప్రాణాంతకమైన కార్బన్ మోనాక్సైడ్‌ను మార్చేది అదే. ఇది తెలియక పాత గొట్టాన్ని తుక్కు ఇనుము ధరకు ఇచ్చేవారున్నారు. తుక్కువాడికి తెలుసు, అందుకే నోరు మెదపకుండా తీసుకుంటాడు. తర్వాత పొల్యూషన్ పరీక్షలో బండి తప్పి, కంపెనీ గొట్టం కొత్తది కొనబోతే గాని దాని ఖరీదు తెలిసిరాదు. మార్చిన భాగం వల్ల ఇంజన్ చెడితే వారంటీ దక్కడం కూడా కష్టమే.

ఈ పిచ్చి మన కుర్రాళ్ళకే ఉందనుకోవద్దు. అమెరికా, జపాన్ దేశాల్లో స్పోర్ట్స్ కార్లవాళ్ళకూ ఇదే ముచ్చట. అయితే అక్కడ పేరున్న తయారీదారులు ఏ సంవత్సరం మోడలుకు ఏ గొట్టం పడుతుందో పట్టిక వేసి ఇస్తారు. ఒకే పేరుగల కారైనా సంవత్సరం మారితే బ్రాకెట్ మారవచ్చని వాళ్ళకు తెలుసు. ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్ పందెపు బాట చుట్టుపక్కల ఇళ్ళవారు మోత భరించలేక 1920లలోనే కోర్టుకెక్కారు. దాంతో పందెపు కార్లకు కూడా సైలెన్సర్లు తప్పనిసరి చేశారు.

సిరిసిల్లలో మాత్రం మోత గురించి అడిగితే నవ్వేవారుంటారు. సాంచాల ఊరికి చప్పుడు కొత్తా అని వారి వాదం. మరమగ్గాల షెడ్డులో చప్పుడు 90 డెసిబెళ్ళు దాటుతుంది, నిజమే. కాని సాంచా మోత ఒకే తీరున సాగుతుంది, చెవి దానికి అలవాటు పడుతుంది. అర్ధరాత్రి గల్లీలో ఒక్కసారిగా పేలిన చప్పుడుకు గుండె అలవాటు పడదు. పైగా రాత్రి షిఫ్టు చేసి వచ్చిన సాంచాల కార్మికుడు పగలు పడుకుంటాడు. చప్పుడులోంచి వచ్చి కాసింత నిద్ర కోసం కళ్ళు మూసిన మనిషిని లేపేది ఈ బుల్లెట్టే. బాలింతలు, ముసలివాళ్ళు, పరీక్షలకు చదువుకునే పిల్లల గోడు సరేసరి.

175 సీసీ దాటిన మోటారు సైకిలు తయారీలోనే 80 డెసిబెళ్ళ మోత మించకూడదని నిబంధన. డెసిబెళ్ళ లెక్క మామూలు లెక్క కాదు. 80 కాస్తా 90 అయితే కొంచెమే పెరిగిందనుకుంటాం. ఆ మోత పది బండ్లు ఒక్కసారి పోయినదానితో సమానం. జాలీ లేని ఒక్క బుల్లెట్ సందులోకి వస్తే బారాత్ వచ్చినట్లుండటం అందుకే.

చట్టం ఏమంటున్నదో కూడా తెలుసుకోవడం మంచిది. ప్రతి మోటారు బండికి మోత తగ్గించే సైలెన్సర్ ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 120వ నియమం చెబుతున్నది. ట్రాక్టరు కూడా ఇందులోకే వస్తుంది. కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటనే గట్టిపరిచింది. అదే ఏడాది సవరించిన చట్టం ప్రకారం మోత, కాలుష్యం హద్దు మీరిన బండి నడిపితే మొదటిసారికే మూడు నెలల వరకు జైలు గాని, 10,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. మూడు నెలలపాటు లైసెన్సుకు అనర్హత అదనం. బండిని మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు అని మరో సెక్షన్ ఉంది. పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను రోడ్డు మీద వరుసగా పేర్చి రోలరుతో తొక్కించడం రాష్ట్రంలో పలుచోట్ల జనం చూసిందే. డ్రైవరు వీసా మీద పోదామనుకునే కుర్రవాడికి ఇక్కడి లైసెన్సు మీద మచ్చ పడటం మంచిది కాదు. తొక్కించిన సైలెన్సర్ కుర్రవాడిది. దాన్ని అమ్మినవాడు మరునాడు దుకాణం తెరుస్తూనే ఉంటాడు. వాడినెందుకు అడగరని తల్లిదండ్రులు అంటే కాదనలేం.

కంపెనీ సైలెన్సర్ తుప్పు పట్టి చిల్లు పడితే మార్చక తప్పదు. అప్పుడు ఆర్‌సీలో ఉన్న తయారీ నెల, సంవత్సరం, ఛాసిస్ నంబరు చూపించి ఆ మోడలుకు చేసినదే అడగాలి. కొత్త గ్యాస్కెట్ దగ్గరుండి వేయించాలి. సెన్సార్ ఉన్న బండయితే దాని వైరు వేడి గొట్టానికి తగలకుండా పాత దారినే పోయిందా అని చూడాలి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేసి, అతుకుకు కాస్త ఎడంగా అరచేయి పెడితే పొగ కారేదీ లేనిదీ అక్కడికక్కడే తెలిసిపోతుంది. వంద కిలోమీటర్లు తిరిగాక నట్లు మరోసారి బిగించుకోవాలి.

ఇప్పటికే మార్చినవారికి అటక మీది గోనె సంచిలో కంపెనీ సైలెన్సర్ ఉండనే ఉంది. దించగానే బిగించవద్దు. ఏళ్ళుగా మూలకు పడి ఉన్న గొట్టంలో కందిరీగలు మట్టి గూళ్ళు కట్టి ఉంటాయి. ముందు నేలకు తట్టి మట్టి రాల్చి, రెండు మూతుల్లోకీ టార్చిలైటు వేసి చూసి, ఆ తర్వాతే మెకానిక్కు దగ్గరికి తీసుకుపోవాలి.